ప్రశ్న–జవాబు: కారు టైర్ల స్థానాలు ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి?

ప్రశ్న: మాది ముందు చక్రాలతో నడిచే చిన్న హ్యాచ్‌బ్యాక్. కొన్నప్పటి నుంచి 27 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు టైర్లు గుండు కావడానికి సిద్ధంగా ఉన్నాయి, వెనుకవి మాత్రం ఇంకా బాగానే ఉన్నాయి. ఇప్పుడు ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు వేయిస్తే సరిపోతుందా? టైర్ల షాపువారు అలైన్‌మెంట్ (చక్రాల దిశ సరిచేయడం) కూడా చేయించాలంటున్నారు. అది అవసరమా, లేక బిల్లు పెంచడానికి చెప్పే మాటా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మీ కారులో ఇంజను, గేర్‌బాక్సు రెండూ ముందు భాగంలోనే ఉంటాయి కనుక బండి బరువులో సుమారు 60 శాతం ముందు టైర్ల మీదే పడుతుంది. బండిని లాగడం, మలుపు తిప్పడం, బ్రేకు వేసినప్పుడు అధిక భారం మోయడం కూడా వాటి వంతే. కాబట్టి అవి వెనుకవాటికంటే త్వరగా అరగడం లోపమేమీ కాదు. ఆ తేడా పెరగక ముందే స్థానాలు మార్చడం కోసమే రొటేషన్. దానిని 8 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి చేయించాలి. మన దగ్గర చాలా కార్లకు సర్వీసు గడువు కూడా 10 వేల కిలోమీటర్లే కనుక రెండూ కలిపి చేయించుకుంటే విడిగా గుర్తుపెట్టుకునే పని ఉండదు. అయితే అడగకపోతే చేయని సర్వీస్ సెంటర్లూ ఉన్నాయి, బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డులో రాయించండి. మొదటి రొటేషన్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాయిదా వేయకూడదు. కొత్త టైరులో రబ్బరు దిమ్మెలు ఎత్తుగా ఉండి రోడ్డు మీద ఎక్కువగా కదులుతాయి కాబట్టి వంకర అరుగుదల సాధారణంగా అప్పుడే మొదలవుతుంది.

మీ విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. కనుక ఇప్పుడు మార్చడం కంటే ముందు కొలవడం అవసరం. కొత్త కారు టైరు గాడి లోతు సాధారణంగా 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. గాడి అడుగున అక్కడక్కడ అడ్డంగా కనిపించే చిన్న రబ్బరు గట్ల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు పైభాగం అరిగి ఆ గట్టుతో సమానమైతే ఆ టైరు పని ముగిసినట్లే. మీ ముందు టైర్లలో 3 మిల్లీమీటర్లకంటే తక్కువ మిగిలి ఉంటే వాటిని వెనక్కి వేయించవద్దని నా సలహా. నీరు నిలిచిన రోడ్డు మీద అరిగిన టైరు ఆ నీటిని గాడుల గుండా బయటకు నెట్టలేక నీటిపై తేలుతుంది. ముందు టైర్లకు అలా జరిగితే స్టీరింగు తేలిపోయినట్లు చేతికి తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసే వ్యవధి దొరుకుతుంది. వెనుక టైర్లకు జరిగితే బండి వెనుక భాగం ఒక్కసారిగా పక్కకు తిరిగిపోతుంది, అనుభవమున్న డ్రైవరుకు కూడా దానిని అదుపు చేయడం కష్టం. రెండే కొత్త టైర్లు కొన్నప్పుడు వాటిని వెనుక వేయమని టైర్ల కంపెనీలు చెప్పేది అందుకే. మీరు వెనుక ఉన్నవి ముందుకు తెచ్చి, కొత్తవి రెండు వెనుక వేయించుకోండి.

ఇక అలైన్‌మెంట్ అవసరమో కాదో షాపువారి మాటను బట్టి కాక టైరును చూసి తేల్చుకోవచ్చు. ఇనుప తీగలు బయటపడలేదని చూసుకున్న తరువాత, అరచేతిని టైరు మీద అడ్డంగా లోపలి అంచు నుంచి బయటి అంచుకు, మళ్ళీ బయటి నుంచి లోపలికి మెల్లగా రాయండి. ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపపు పళ్ళలా గరుకుగా తగిలితే చక్రాల దిశ తప్పిందని అర్థం. లోపలి అంచు ఒక్కటే అరిగినా అలైన్‌మెంట్‌నే అనుమానించాలి. రెండు అంచులూ అరిగి మధ్య భాగం మిగిలితే గాలి తక్కువతో నడిపినట్లు, మధ్య భాగమే అరిగితే గాలి ఎక్కువైనట్లు లెక్క. చుట్టూ అక్కడక్కడ పల్లాలు పడితే షాక్ అబ్జార్బర్లు, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా అన్నది) చూపించాలి. ఈ లోపాలలో దేనినీ రొటేషన్ సరిచేయదు. కారణం అలాగే ఉంచి స్థానాలు మారిస్తే, బాగున్న రెండు టైర్లు కూడా అదే విధంగా పాడవుతాయి. అరుగుదల అడ్డంగా అంతటా సమానంగా ఉండి, స్టీరింగు ఒక పక్కకు లాగకుండా ఉంటే మాత్రం షాపువారి సలహా తొందరలేనిది.

ప్రశ్న: మా ఇన్నోవా క్రిస్టాకు రొటేషన్ చేయించబోతే, రేడియల్ టైర్లను ఎడమ నుంచి కుడికి ఎప్పుడూ మార్చకూడదని మెకానిక్ అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: రేడియల్ టైర్లు (లోపలి దారాల పొర ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా ఉండేవి) వచ్చిన తొలి రోజుల్లో ఆ సలహా ఉండేది, నేటి టైర్లకు వర్తించదు. క్రిస్టా వెనుక చక్రాలతో నడుస్తుంది కాబట్టి వెనుక టైర్లు రెండింటినీ అదే వైపున ముందుకు తెచ్చి, ముందువాటిని ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి వెనుక వేయాలి. ముందు చక్రాలతో నడిచే బండ్లకు దీనికి తిరగేసిన పద్ధతి: ముందువి నేరుగా వెనక్కి వెళతాయి, వెనుకవి అటుదిటుగా ముందుకు వస్తాయి. పేరు చూసి పొరబడకండి, ఇన్నోవాలలోనే హైక్రాస్ ముందు చక్రాలతో నడిచే బండి. మీ మెకానిక్ మాట నిజమయ్యే సందర్భం ఒకటి ఉంది. టైరు పక్క గోడ మీద తిరిగే దిశను చూపే బాణం గుర్తు ఉంటే ఆ టైరును వైపు మార్చకూడదు, అదే వైపున ముందు వెనుకలు మాత్రమే మార్చాలి.

ప్రశ్న: స్టెప్నీని కూడా ఈ మార్పిడిలో కలపవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: స్టెప్నీ మీద ఉన్న కొలతను మిగిలిన టైర్ల కొలతతో అంకెకు అంకె సరిపోల్చండి. అల్లాయ్ చక్రాలున్న చాలా మోడళ్ళలో కంపెనీలు చిన్న కొలత స్టెప్నీని ఇనుప రిమ్ముతో ఇస్తున్నాయి. గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దని దాని మీదే రాసి ఉంటే, అది పంక్చర్ షాపు వరకు చేర్చడానికే తప్ప రొటేషన్‌కు కాదు. కొలత, రకం, రిమ్ము అన్నీ ఒకటే అయితే తప్పక కలపండి. ముందు చక్రాలతో నడిచే కారులో స్టెప్నీని కుడి వెనుక వేసి, కుడి వెనుకది ఎడమ ముందుకు, ఎడమ ముందుది ఎడమ వెనక్కి, ఎడమ వెనుకది కుడి ముందుకు మార్చి, కుడి ముందు నుంచి తీసినదాన్ని డిక్కీలో పెట్టాలి. ఈ పద్ధతి కొత్త కారు మొదటి సర్వీసుల నుంచే మొదలుపెడితేనే ప్రయోజనం. ఏళ్ళ తరబడి డిక్కీలో పడి ఉన్న టైరు కొత్తగా కనిపించినా దాని రబ్బరు వయసు ఆగదు. పక్క గోడ మీద DOT అన్న అక్షరాల వరుస చివర ఉండే నాలుగంకెలు చూడండి: 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. అయిదేళ్ళు దాటిన టైరును నిపుణులకు చూపించనిదే రోజువారీ ప్రయాణానికి వాడవద్దు.

ప్రశ్న: రొటేషన్ చేయించిన మరునాటి నుంచి కారులో హోరు వస్తోంది, డ్యాష్‌బోర్డు మీద టైరు గుర్తు వెలిగింది. పని చెడగొట్టారా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అంత తొందరగా నిర్ణయానికి రాకండి. వెనుక ఉన్నప్పుడు టైర్లలో పడిన పల్లాల చప్పుడు ఇప్పుడు ముందుకు వచ్చి మీ చెవికి చేరుతూ ఉండవచ్చు. హోరుతోపాటు స్టీరింగు వణికితే బ్యాలెన్సింగ్ చేయించండి. చాలా బండ్లకు ముందు, వెనుక గాలి కొలతలు వేరు. స్థానాలు మార్చినవారు గాలి సరిచేయకపోతే ఆ దీపం వెలగడం సహజమే. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం, బండి చల్లగా ఉన్నప్పుడు గాలి పట్టించి, తరువాత మాన్యువల్‌లో చెప్పిన విధంగా టైరు ప్రెషర్ వ్యవస్థను రీసెట్ చేయండి. చక్రాల నట్లను 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగిన తరువాత టార్క్ రెంచితో (నట్టును నిర్ణీత బిగువుకు బిగించే పనిముట్టు) మరొకసారి సరిచూపించండి, అల్లాయ్ చక్రాలైతే ఇది మరీ ముఖ్యం.