బ్లడ్ క్యాన్సర్ మాత్ర వాడుతున్న నాన్నకు హెచ్ పైలోరీ కిట్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె. నాన్నకు 61 ఏళ్లు, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో మా దగ్గరే ఉంటున్నారు. సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కు నాలుగేళ్లుగా రోజూ ఇమాటినిబ్ 400 ఎంజీ వేసుకుంటున్నారు, రిపోర్టులు బాగున్నాయి. బీపీకి ఆమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ కూడా ఉన్నాయి. కడుపులో మంట అంటే ఇంటి దగ్గరి డాక్టర్ ఎండోస్కోపీ చేసి, హెచ్ పైలోరీ ఉందని 14 రోజుల కిట్ రాశారు. నెట్‌లో చూస్తే ఇమాటినిబ్‌తో పడదని ఎర్ర గుర్తు వచ్చింది. ఈ రెండు వారాలు క్యాన్సర్ మాత్ర ఆపేసి కిట్ వాడొచ్చా?

జవాబు: ఆపొద్దమ్మా. ఇమాటినిబ్ మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపొద్దు, నాలుగేళ్లుగా రిపోర్టులు బాగుంటున్నాయంటే అది ఆ మాత్ర చలవే. ఆగాల్సింది కిట్. ఇంకా మొదలుపెట్టకపోతే పక్కన పెట్టి, రేపు ఉదయమే నాన్నగారి క్యాన్సర్ డాక్టర్‌కు ఫోన్ చేయండి. హెచ్ పైలోరీ అనేది చాలామంది కడుపులో చిన్నప్పటి నుంచే ఉండే క్రిమి, దానికి మందు నాలుగు రోజులు ఆలస్యమైతే కొంప మునగదు. రక్తం వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా వస్తున్నా మాత్రం ఫోన్లతో కాలయాపన చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మామూలుగా ఈ కిట్‌లో అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్, ఒక గ్యాస్ మాత్ర ఉంటాయి. గొడవంతా క్లారిత్రోమైసిన్‌తోనే. మన లివర్‌లో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ఇమాటినిబ్‌ను కరిగించి బయటికి పంపుతుంటుంది, క్లారిత్రోమైసిన్ దాని పని ఆపేస్తుంది, దాంతో రోజూ వేసే అదే 400 ఎంజీ రక్తంలో పేరుకుపోయి కళ్ల కింద ఉబ్బడం, కాళ్ల వాపు, వాంతులు, తెల్లకణాలు పడిపోవడం లాంటివి రావచ్చు. పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు, ఎందుకంటే క్లారిత్రోమైసిన్ ఆపేశాక కూడా ఆ ఎంజైమ్ కోలుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది.

మీరు నెట్‌లో ఇమాటినిబ్ ఒక్కటే కొట్టి చూసినట్టున్నారు. ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్ కూడా అదే ఎంజైమ్ మీద ఆధారపడ్డ మందులే. క్లారిత్రోమైసిన్ తోడైతే బీపీ బాగా పడిపోయి కళ్లు తిరగొచ్చు, అటోర్వాస్టాటిన్ ఎక్కువై కండరాలు దెబ్బతినొచ్చు. నిజానికి ఈ వయసువాళ్లలో నాకు ముందు టెన్షన్ పెట్టేది ఇదే, క్యాన్సర్ మాత్ర హడావిడిలో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

దీనికి ఉల్టా కూడా ఉంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఆ ఎంజైమ్‌ను రెచ్చగొట్టి, రక్తంలో ఇమాటినిబ్‌ను నాలుగో వంతుకు దించేస్తుంది. అప్పుడు మాత్ర వేసుకుంటున్నా జబ్బు మీద పని చేయదు. అజిత్రోమైసిన్ క్లారిత్రోమైసిన్‌కు చుట్టమే అయినా ఈ ఎంజైమ్ జోలికి పెద్దగా పోదు, అలాగని కిట్‌లో అది తీసి ఇది పెట్టమని మెడికల్ షాపులో అడగకండి, హెచ్ పైలోరీ వైద్యంలో అది దీనికి బదులు కాదు. క్లారిత్రోమైసిన్ లేకుండా బిస్మత్‌తో చేసే కోర్సు ఒకటి ఉంది, నాన్నగారికి అది పనికొస్తుందా అని ఇద్దరు డాక్టర్లనూ అడగండి. ఒకవేళ క్లారిత్రోమైసినే తప్పదంటే రక్త పరీక్షలు ఎప్పుడు చేయాలో, అటోర్వాస్టాటిన్ ఆ కొన్నాళ్లు ఆపాలో వద్దో వాళ్లే చెబుతారు.

ఫోన్ చేసే ముందు అన్ని స్ట్రిప్పులూ వెనక్కి తిప్పి ఫొటోలు తీసి పంపండి, మాకు కావాల్సింది కంపెనీ పెట్టుకున్న పేరు కాదు, స్ట్రిప్పు మీద రాసి ఉండే అసలు మందు పేరు. కషాయాలు, ఆకుల పొడులు ఏమైనా వాడుతుంటే దాచకుండా చెప్పండి. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ కూడా ఇదే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి, వాటికి దూరంగా ఉంచండి.

ఇది చదివి మిగతావాళ్లు అతి జాగ్రత్తకు పోవద్దు. కీమో ఎక్కించుకుంటున్న మనిషికి జ్వరం 100.4 డిగ్రీలు దాటితే యాంటీబయాటిక్ గంటల్లో పడాలి, నెట్‌లో వెతుక్కుంటూ కూర్చోకుండా బయల్దేరండి.

ఇంకొకటి. ఇమాటినిబ్ ఖాళీ కడుపుతో వేసుకున్నా కడుపులో మంట వస్తుంది. నాన్నగారు ఎప్పుడు వేసుకుంటున్నారో చూడండి. అన్నం తింటూ, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు.