డాలర్ల గీత కంటే ముందు టన్నులు చూడు

అమ్మాయీ,

రెండు దేశాల కాగితం, అట్ట దిగుమతులు పాతికేళ్లలో ఎలా మారాయో పోల్చి రాయాలనుకుంటున్నానన్నావు. చాలా సంతోషం. ఈ లెక్కలతో ఎక్కువ కాలం గడిపినవాణ్ణి కాబట్టి, గ్రాఫ్ గీయకముందే కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

మొదట దేన్ని లెక్కిస్తున్నావో తేల్చుకో. సరుకుల రకాలను గుర్తించడానికి కస్టమ్స్ వాళ్లు వాడే హెచ్‌ఎస్ కోడ్‌లలో కాగితం, అట్ట, వాటితో చేసిన వస్తువులు 48వ అధ్యాయంలో ఉంటాయి. కాగితం తయారీకి వాడే గుజ్జు, చిత్తుకాగితం 47లో, అచ్చయిన పుస్తకాలు 49లో ఉంటాయి. ఒక దేశం చిత్తుకాగితం తెప్పించుకుని సొంత మిల్లుల్లో అట్ట చేసుకుంటుంది. ఇంకో దేశం తయారైన అట్టనే కొంటుంది. 48 ఒక్కటే చూస్తే మొదటి దేశం బయటివాళ్ల మీద ఆధారపడటం లేదనిపిస్తుంది, అది నిజం కాదు. చైనానే తీసుకో. వేరుచేయని చిత్తుకాగితాన్ని 2018 నుంచి రానివ్వలేదు, 2021 నుంచి చిత్తుకాగితం దిగుమతి మొత్తం ఆపేసింది. ఆ మధ్యకాలంలోనే అట్టపెట్టెలకు వాడే కాగితం, చిత్తుకాగితంతో చేసిన గుజ్జు దిగుమతులు పెరిగాయి. దాన్ని చూసి అక్కడి వాడకం అమాంతం పెరిగిందని రాస్తే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్టే. అందుకే 47ని ఎప్పుడూ పక్కనే ఉంచుకో.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. టీవీ అట్టపెట్టెలో వస్తే ఆ పెట్టె మామూలుగా టీవీ లెక్కలోకే పోతుంది. సరుకులు ఎక్కువగా కొనే దేశంలోకి కాగితం లెక్కకు అందకుండా వచ్చే అట్ట చాలా ఉంటుంది.

డాలర్లను మాత్రం తొందరపడి నమ్మకు. 2021, 2022లలో కాగితం ధరలు, ఓడ రవాణా ఖర్చులు బాగా పెరిగాయి. చాలా దేశాల దిగుమతి విలువలో సరుకుతో పాటు రవాణా, బీమా కూడా కలిసి ఉంటాయి. టన్ను ఎక్కువ రాకపోయినా విలువ పెరిగినట్టు కనిపించేది అందుకే. టన్నులు ముందు గీయి, విలువ తర్వాత. విలువను టన్నులతో భాగిస్తే వచ్చే సగటు ధర రెండు దేశాల్లో వేర్వేరుగా కదిలితే, అక్కడే నీ అసలు కథ దొరుకుతుంది. ఒక దేశం వార్తాపత్రికలు అచ్చేసే 4801 న్యూస్‌ప్రింట్ తగ్గించుకుని, పైన పూత వేసిన 4810 కోటెడ్ కాగితం వైపు మళ్లి ఉండొచ్చు. అందుకే నాలుగంకెల కోడ్‌ల దాకా దిగి చూడు. మొత్తం అంకె ఒక్కటే ఉంటే దాని వెనక పేపర్ల సర్క్యులేషన్ పడిపోవడమూ, ఆన్‌లైన్ పార్సిళ్లు పెరగడమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఎగుమతి చేసిన దేశం చెప్పిన అంకె, దిగుమతి చేసుకున్న దేశం చెప్పిన అంకె కలవకపోతే టెన్షన్ పడకు. ఓడ ఖర్చు కలిపారా లేదా అన్న తేడా ఉంటుంది. రోటర్‌డామ్ (నెదర్లాండ్స్) లాంటి రేవుల్లో దిగి వేరే దేశాలకు వెళ్లే సరుకు ఎవరి ఖాతాలో పడిందన్న చిక్కూ ఉంటుంది.

సంవత్సరాల విషయంలో జాగ్రత్త. భారత్ గణాంకాలు చాలావరకు ఏప్రిల్ నుంచి మార్చికి ఉంటాయి, వాటిని క్యాలెండర్ సంవత్సరం పక్కన పెట్టకు, నెలవారీ లెక్కలు తీసి కూడుకో. ఐరాస వాణిజ్య గణాంకాల్లో 1998 వరకు బెల్జియం, లక్సెంబర్గ్ ఒకే పేరు కింద ఉంటాయి. హెచ్‌ఎస్ కోడ్‌లు కూడా 2002, 2007, 2012, 2017, 2022లలో సవరించారు.

చివరికి తలసరి కిలోలు కూడా వేసి చూడు. ముసాయిదా పంపేటప్పుడు ఏ కోడ్‌లు వాడావో, ఏ ఏడాది అంకెలు అందలేదో పట్టిక కిందే రాసి పంపు. మొదట అదే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న