టెక్ సందేహాలు: హాల్లో వాళ్లకు సరే, ఫోన్లో వాళ్లకు?

ప్రశ్న: డ్వాక్రా సంఘాల లెక్కలు రాసేవాళ్లకు నెలకోసారి శిక్షణ ఇస్తాం. పాతికమంది హాలుకు వస్తారు. కుప్పం, వి.కోట వైపు నుంచి రాలేని పదిమంది గూగుల్ మీట్‌లో చేరతారు. టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టి నడిపిస్తున్నాం. ఫోన్లో వాళ్లు ‘ఏమీ వినపడ్లేదు సార్’ అంటారు, మరుసటి నెల చేరడమే మానేస్తారు. మంచి వెబ్‌క్యామ్ కొంటే బాగుపడుతుందా?
- ఒక శిక్షకుడు, పలమనేరు

జవాబు: వెబ్‌క్యామ్ జోలికి పోకండి. మీ ముఖం మసకగా ఉన్నా పాఠం అర్థమవుతుంది. మాట సరిగా వినపడకపోతే పది నిమిషాలు కూడా ఎవరూ కూర్చోరు. ఆ డబ్బు మైకు మీద పెట్టండి.

ల్యాప్‌టాప్ మైకు దాని ఎదురుగా కూర్చున్న మనిషి కోసం చేసింది. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గి చేరుతుంది. మీరు బోర్డు దగ్గర పన్నెండు అడుగుల అవతల నిలబడితే, దానికి మీకన్నా నెత్తిమీది ఫ్యానే బాగా వినిపిస్తుంది. తిరుపతిలో జరిగిన ఒక శిక్షణను నేను ఇంట్లో కూర్చుని విన్నాను. రెండు గంటల్లో స్పష్టంగా వినిపించింది టీ గ్లాసులు దించిన చప్పుడొక్కటే. తర్వాత అడిగితే తెలిసింది, ల్యాప్‌టాప్ పెట్టింది టీ బల్ల మీదేనట.

మీ వరకూ చొక్కాకు తగిలించుకునే కాలర్ మైకు ఒకటి చాలు. హాల్లో వాళ్ల ప్రశ్నలు మాత్రం దానికి అందవు. అందుకే ‘వెనక వరసలో అక్క అడుగుతోంది, వడ్డీ ఏ కాలమ్‌లో రాయాలని’ అని మీ నోటితో ఒకసారి చెప్పి, ఆ తర్వాతే జవాబివ్వండి. బోర్డు మీది అంకెలు చిన్న ఫోన్లో కనపడవు. లెడ్జర్ పేజీ ఫొటో తీసి ముందురోజే వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి.

ఇంకొకటి. ఫోన్లో మనిషి మైకు ఆన్ చేసుకుని నోరు తెరిచేలోపు హాల్లో ఇద్దరు మాట్లాడేసి ఉంటారు. మాట అటు చేరడమే కాస్త ఆలస్యం, పైగా మధ్యలో దూరడానికి మొహమాటం. కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ వాళ్లదే అని నియమం పెట్టుకోండి. చాట్ చదివి చెప్పడానికి హాల్లో ఒకరిని కూర్చోబెట్టండి. ఆ మనిషి కూడా మీటింగ్‌లో చేరితే మైకు, స్పీకరు రెండూ ఆపాలి. లేదంటే కీచుమని చెవులు చిల్లులు పడతాయి.

ప్రశ్న: మా ఆఫీసులో చూపులేని సహోద్యోగి ఒకరున్నారు. ఆన్‌లైన్ శిక్షణలో స్క్రీన్ షేర్ చేసిన స్లైడ్లను ఆయన స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవడం లేదు. సెట్టింగ్ ఏమైనా మార్చాలా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: సెట్టింగ్ తప్పు కాదమ్మా. షేర్ చేసిన స్క్రీన్ అవతలికి వీడియోగా వెళుతుంది, అందులో చదవడానికి అక్షరాలుండవు. ఫైలునే ముందుగా పంపండి. కంప్యూటర్లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్లు దాన్ని చదువుతాయి.

మనవాళ్ల దగ్గర ఒక చిక్కుంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగు కంటికే తెలుగు. లోపల ఉండేవి వేరే గుర్తులు, స్క్రీన్ రీడర్ వాటిని గందరగోళంగా చదువుతుంది. ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. తెలుగులోనే కనిపిస్తే అది యూనికోడ్, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే, పంపేయొచ్చు. పిచ్చిగీతలు వస్తే మార్పించాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా ఫొటోతో సమానమే. స్లైడ్ మీద పటం ఉంటే ‘ఇక్కడ చూడండి’ అనకుండా అందులో ఏముందో చెప్పమని శిక్షకుడికి చెప్పండి.

ప్రశ్న: మీటింగ్ గంటకే ఆగిపోతోంది. నెట్ సమస్యా?
- చంద్రగిరి

జవాబు: కాదు. మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకుమించి ఉంటే 60 నిమిషాలే. జూమ్‌లో అయితే 40. మీట్‌లో యాభై నిమిషాలకు టీ విరామం ఇచ్చి, మళ్లీ కొత్త లింకుతో మొదలుపెట్టండి.

ప్రశ్న: నాకు వినికిడి తక్కువ. మీటింగ్‌లో మాటలు తెలుగు అక్షరాల్లో కనిపించే దారుందా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: ఉందండి. ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ వారి లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ తెరిచి, భాష తెలుగు పెట్టుకుని, మాట్లాడేవాళ్ల దగ్గరగా ఉంచండి. డబ్బు కట్టక్కర్లేదు. వాక్యంలో సగం తెలుగు, సగం తమిళం కలిపేసే మన చిత్తూరు మాటలకు అది తడబడుతుంది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడమని అందరికీ ముందే చెప్పి పెట్టండి.