కొట్లాట లేని ఆటలో ఏముంటుంది?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ మొదటి ఏడాది. ‘ఫైర్‌వాచ్’ అనే వీడియో గేమ్ కొనిపెట్టమంటున్నాడు. అడవిలో మంటలు రాకుండా కాపలా కాసే కథట, తుపాకులు ఉండవట, నన్నూ ఆడమంటున్నాడు. కొట్లాట లేకపోతే అందులో చేసేదేముంది? కొనివ్వొచ్చా?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: కొనివ్వండమ్మా. నాకు ప్రాణమైన ఆట అది. క్యాంపో శాంటో అనే చిన్న సంస్థ 2016లో తెచ్చింది. కథ జరిగేది 1989 వేసవిలో, అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, షోషోనీ జాతీయ అరణ్యంలో. అంతకు ముందు ఏడాదే పక్కనున్న ఎల్లోస్టోన్ పార్కు భయంకరంగా తగలబడింది. అది నిజంగా జరిగిందే. ఆటలో మనం నడిపించే హెన్రీ ఆ అడవిలో ఎత్తయిన టవర్ మీద ఒంటరిగా కాపలా ఉంటాడు. పై అధికారి డెలైలా ఉండేది ఇంకో టవర్‌లో. వాకీటాకీలో ఆమె గొంతు ఒక్కటే తోడు.

చేసేదల్లా నడవడం, వెతకడం, మాట్లాడటం. దారిలో ఇనుప పెట్టెలు తగులుతాయి. అన్నిటి తాళాలకూ నంబరు 1234. మూత తీస్తే లోపల ఒక మ్యాపు ఉంటుంది. అందులోని దారుల్ని హెన్రీ తన కాగితం మ్యాపు మీద ఎక్కించుకుంటాడు. మనం ఎక్కడున్నామో చూపించే గుర్తును సెట్టింగ్స్‌లో తీసేయమనండి. అప్పుడు దిక్సూచి పట్టుకుని, కొండనీ చెరువునీ ఆనవాలు పట్టి నడవాలి. అడవి అప్పుడే కళ్లకు ఆనుతుంది.

అయినా నన్ను కట్టిపడేసింది మాటలే. డెలైలా ఏదో అడుగుతుంది, రెండు మూడు జవాబులు తెర మీద కాసేపు కనబడి మాయమవుతాయి. ఏదీ ఎంచుకోకపోతే మనం మాట్లాడలేదనే ఆమె అనుకుంటుంది. ఏం చెప్పినా ముగింపు పెద్దగా మారదని కొందరు తప్పుపడతారు. నేనొప్పుకోను. మారేది ఆ ఇద్దరి మధ్య చనువు, దాని కోసమే ఆడాలి. డెలైలాకు గొంతిచ్చిన సిస్సీ జోన్స్‌కు 2017లో బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డు వచ్చింది.

ముందే తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. హెన్రీ భార్య జూలియాకు చిన్న వయసులోనే మతిమరుపు జబ్బు వస్తుంది, ఆట మొదలయ్యేదే అక్కడ. ఇంట్లో అలాంటివాళ్లను చూసుకుంటున్నవారికి ఆ కాసేపు చాలా కష్టంగా ఉంటుంది. బూతులు, తాగుడు కూడా ఉన్నాయి. అమెరికాలో 17 ఏళ్లు దాటినవాళ్లకని రేటింగ్ ఇచ్చారు. మాటలన్నీ ఇంగ్లిష్, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మొత్తం నాలుగైదు గంటల ఆట, రెండు సాయంత్రాలు చాలు. నడిపించే పని అబ్బాయికి వదిలేసి, డెలైలాకు ఏం జవాబివ్వాలో మీరు చెప్పండి.