సెల్లార్ గోడకు అడ్డ పగులు వచ్చింది, మళ్లీ కెమికల్ వేయించాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. రేగడి నేలలో ఇల్లు, కింద సెల్లార్, చుట్టూ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. వానాకాలం వస్తే వెనక గోడంతా చెమ్మ, తెల్లగా ఉప్పు పడుతుంది. లోపల వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయిస్తే పెచ్చులు ఊడిపోయాయి. ఈసారి గోడ మధ్యలో అడ్డంగా పగులు కూడా వచ్చింది. మేస్త్రి ఇంకోసారి కెమికల్ వేద్దామంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దండి, ఆ డబ్బులు దాచుకోండి. గోడ తడుస్తోందని మీరు కంగారు పడుతున్నారు గానీ, అసలు సంగతి వెనక నుంచి తడిమట్టి దాన్ని తోస్తోంది. నీళ్లు గోడలోంచి వచ్చి కోటింగ్‌ను వెనక నుంచి నెడతాయి కాబట్టి లోపల ఎంత ఖరీదైనది పూసినా పొక్కులు లేచి రాలిపోతుంది.

లెక్క చూడండి. మీటరు లోతు నీళ్లు నిలిస్తే అడుగున చదరపు మీటరుకు టన్ను ఒత్తిడి. సెల్లార్ మూడు మీటర్ల లోతుండి బయట మట్టి పైదాకా నానిందంటే అడుగున మూడు టన్నులు, గోడ పొడవులో ప్రతి మీటరు మీద మొత్తం నాలుగున్నర టన్నులు, అదీ ఒక్క నీళ్లదే, మట్టి తోపు దానికి అదనం. ఇటుక గోడ పైబరువు మోస్తుంది గానీ పక్క నుంచి వచ్చే ఈ తోపుకు ఆగదు, నడుము దగ్గర వంగుతుంది, అందుకే పగులు అడ్డంగా వచ్చింది. పైగా మన రేగడి ఎండాకాలం బీటలు వారి గోడకూ మట్టికీ మధ్య సందు వదులుతుంది, తొలకరి నీళ్లు నేరుగా అందులోకి దిగుతాయి, తర్వాత మట్టి ఉబ్బి గోడను ఇంకా నెడుతుంది.

ముందు పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. పైనుంచి దారానికి బరువు కట్టి వేలాడదీస్తే గోడ కడుపు ఎంత ముందుకొచ్చిందో కనిపిస్తుంది. పగులు పెరుగుతున్నా, గోడ వంగినా ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి, లోపల ఆనుడు కట్టెలు ఎక్కడ పెట్టాలో ఆయనే చెప్పాలి. అప్పటిదాకా ఆ గోడ పక్కన ఇసుక కుప్ప, కార్లు, లారీలు ఏవీ ఉంచొద్దు.

ఈలోగా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది, ఖర్చు కూడా తక్కువే. డాబా మీది వాన పైపు ఎక్కడ దిగుతోందో వానలో గొడుగేసుకుని వెళ్లి చూడండి. చాలా ఇళ్లలో అది సరిగ్గా గోడ మొదట్లోనే పోస్తుంది! దాన్ని పైపుతో దూరంగా మోరీలోకి కలపండి. గోడ చుట్టూ మూడు నాలుగు అడుగుల వెడల్పున, నీళ్లు బయటికి పారేలా వాలుగా కాంక్రీటు వేయించండి. నల్లా, డ్రైనేజీ పైపుల లీకేజీ కూడా చూడండి.

అసలు రిపేరు ఎండాకాలంలోనే, ఇంజినీర్ దగ్గరుండి చేయించాలి. గోడ పొడవునా ఒకేసారి జేసీబీతో తవ్వించొద్దు, కొంచెం కొంచెంగా తవ్వాలి. బయటి వైపు వాటర్‌ప్రూఫింగ్ వేసి, అడుగున చిల్లుల పైపును వాలుగా పరిచి, దాని చుట్టూ కంకర పోసి, మట్టి చేరకుండా జియో క్లాత్ చుట్టాలి. ఆ పైపు నీళ్లు వాటికోసం తవ్విన గుంతలోకి (సంప్) వస్తే మోటారు తోడేస్తుంది. తవ్విన రేగడిని మళ్లీ పోయకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మొరం తెప్పించి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించండి, పైన మాత్రం నీళ్లు ఇంకకుండా కప్పండి. రామప్ప గుడి పునాది కింద కాకతీయులు ఇసుక పోసింది కూడా ఈ నేలను నమ్మకూడదని తెలిసే కదా అనిపిస్తుంది నాకు. గోడ బాగా వంగి ఉంటే ఇవి చాలవు, లోపల ఆర్‌సీసీ గోడ కట్టాల్సి రావచ్చు.

ప్రశ్న: 2023 జులై వానలకు మా సెల్లార్ నిండింది. మళ్లీ అలా జరిగితే వెంటనే మోటారు పెట్టి తోడేయాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వెంటనే వద్దమ్మా. లోపలి నీళ్లు బయటి తోపుకు ఎదురు నిలిచి గోడను కాస్తున్నాయి, అవి ఒక్కసారిగా ఖాళీ అయితే గోడ లోపలికి కూలొచ్చు. కరెంటు ఆపించకుండా సెల్లార్‌లోకి దిగొద్దు. వీధిలో నీళ్లు తగ్గాక ఒక అడుగు తోడి, గోడ మీద గీత పెట్టి రాత్రంతా ఆగండి. తెల్లారేసరికి మట్టం గీత దాటి పైకొచ్చిందంటే బయట ఇంకా నీళ్లున్నట్టే, ఆగండి. రాకపోతే రోజుకు రెండు మూడు అడుగులు మించకుండా తోడించండి.