చెయ్యి అందని చోట పట్టాలు వెయ్యొద్దు అమ్మడూ

అమ్మడూ,

ఖాళీగా ఉన్న గదిని నువ్వు బొమ్మ రైళ్ళ లేఔట్ కోసం తీసేసుకున్నావని మీ అమ్మ చెప్పింది, చెప్పి ఊరుకోకుండా నువ్వు గీసిన ప్లాన్ ఫొటో కూడా పంపింది, ఇంక నాకు నిద్రెక్కడిది, దాన్ని పెద్దది చేసి ఒక్కో మూలా చూస్తూ కూర్చున్నా. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. వంపులు చేత్తో గీయకుండా కంపాస్‌తో గీశావు, పాయింట్లు, అదే రైలు ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారే చోట్లు, అసలు ఎంత పొడవుంటాయో అంతే వేశావు, ప్లాట్‌ఫామ్ ఎన్ని బోగీలకి సరిపోతుందో లెక్క రాశావు, చాలామందికి ఈ ఓపిక పదేళ్ళు చేశాక కూడా రాదు. కానీ ఆ వెనక మూల ఉంది చూడు, కొండా, కొండ లోపల దాచిన స్టేషనూ, దాని పక్కనే పైకెక్కే చుట్టూ, అది చూడగానే నా గుండె ఝల్లుమంది. అందుకే ఈ ఉత్తరం. చదివి విసుక్కో పర్లేదు, పూర్తిగా మాత్రం చదువు.

నీకు తెలిసినవి ఒక్కో ముక్కలో చెప్పి వదిలేస్తా. లేఔట్ అంతా మోసే చెక్క పలక ఒంగకూడదు, కింద చట్రం బలంగా ఉండాలి. పట్టాల కింద కార్క్ వెయ్యి, లేకపోతే ప్లైవుడ్ మొత్తం డప్పులా మోగుతుంది. ఇత్తడి పట్టాలు చవగ్గా దొరికినా తీసుకోకు, నికెల్ సిల్వర్‌వే తీసుకో. వ్యాగన్లకి ప్లాస్టిక్ చక్రాలుంటే మెల్లగా మెటల్‌వి మార్చుకో, పట్టాల మీద జిడ్డు తక్కువ చేరుతుంది. అంతే.

స్కేల్ మాత్రం, అంటే అసలు రైలు కన్నా బొమ్మ ఎన్ని రెట్లు చిన్నదో అది, ఇంకోసారి ఆలోచించు. హెచ్‌ఓ అంటే 1:87, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఓఓ కూడా అదే పట్టాల మీద తిరుగుతుంది గానీ అది 1:76, అందుకని పక్కపక్కన పెడితే ఒకదాని బోగీ లావుగా కనిపిస్తుంది, పాత సామాను కొనేటప్పుడు డబ్బా మీద చూసి కొను. ఎన్ అయితే 1:160, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లే. నువ్వు రాసిన పది బోగీల రైలు హెచ్‌ఓలో ఒక్కో బోగీ 27 సెంటీమీటర్లు అనుకున్నా ఇంజన్‌తో కలిపి మూడు మీటర్లకి దగ్గరవుతుంది, నీ గది పొడవే మూడున్నర మీటర్లు, అంటే రైలు ఒక గోడ దాటకముందే దాని ముందు భాగం ఇంకో గోడ దగ్గరుంటుంది, అది రైలు పోతున్నట్టు కాదు, గదికి తాడు చుట్టినట్టు ఉంటుంది. నాలుగైదు బోగీలు చాలు తల్లీ. లేదూ పొడుగు రైలే కావాలంటే ఎన్‌కి మారిపో, నాకేం అభ్యంతరం లేదు, నీ కళ్ళు ఇంకా బాగున్నాయి కాబట్టి.

ఇప్పుడు ఆ కొండ సంగతి.

నాకు ఈ పని నేర్పిన ఒక పెద్దాయన ఉండేవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. చేతి పని చూడాలి ఆయనది, పట్టా కోస్తే అంచు వేలికి తగిలేది కాదు. ఆయన కూడా అచ్చం నీలాగే మూలలో కొండ పెట్టి దాని కింద నాలుగు లైన్ల స్టేషన్ దాచాడు, ఒక రైలు సొరంగంలోకి పోతే కాసేపటికి వేరే రైలు బయటికి రావాలి అని ఆయన సరదా. గోడ నుంచి ముందు అంచుకి మీటరుకి పైనే లోతు. పట్టాలు వేశాడు, రైళ్ళు తిప్పాడు, అన్నీ తిరిగాయి, ఆ రోజు ఆయన మొహం చూడాలి. తిరిగాయి కదా అని పైన జాలీ కొట్టి ప్లాస్టర్ పూసి చెట్లు నాటి కొండ మూసేశాడు. ఎవరో అడిగారు కూడా, లోపల ఏమన్నా అయితే ఎలా అని. ఇన్ని రోజులు తిరిగింది, ఇంకేమవుతుంది అన్నాడు.

కాలం మారింది. గాల్లో తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, పట్టాలు అలా కావు, వాటి లెక్క వేడితో. రెండూ వేర్వేరుగా కదిలితే ఎక్కడో ఒక జాయింట్ దగ్గర తేడా వస్తుంది. ఆయన పట్టాల మధ్య ఎక్కడా సందు వదల్లేదు, చివరకంటా బిగించి వేశాడు. లోపలి పాయింట్‌కి ముందున్న జాయింట్ దగ్గర పట్టా ఒక వెంట్రుకంత పక్కకి జరిగింది. బయట అయితే నువ్వూ నేనూ వేలితో తడిమి కనిపెట్టేసే తప్పు అది. సొరంగం లోపల కాబట్టి ఆయనకి తెలిసింది ఒకటే, రైలు లోపలికి పోతోంది, టక్ మని చప్పుడు, బయటికి రావట్లేదు.

మొదట్లో ఒక కర్రకి కొక్కెం కట్టి లాగేవాడు. తర్వాత చిన్న అద్దం, టార్చి. కడుపు పలక మీద ఆనించి, భుజం దాకా చెయ్యి దూర్చి, మొహం పక్కకి తిప్పి వేళ్ళతో వెతికేవాడు, ఆ వెతుకులాటలో ముందున్న సిగ్నల్ స్తంభాలు విరిగేవి, ఆయన వారాల తరబడి కూర్చుని తీగతో చేసిన స్తంభాలు. ఒకసారి పడిపోయిన బోగీ పక్క లైన్‌కి అడ్డంగా ఉందని తెలీక ఇంకో రైలు పంపాడు, అది వెళ్ళి గుద్దింది, ఇంజన్ ముందు మెట్లు ఊడిపోయాయి. ఇలా అయ్యేసరికి ఆయన ఆ లైన్ వాడటం మానేశాడు. అది మానేస్తే లేఔట్‌లో మిగిలింది ఒక రింగు. రింగు మీద ఒకటే రైలు తిరుగుతుంటే ఎవరు మాత్రం ఎంతసేపు చూస్తారు. చివరికి రంపం తెచ్చి కొండ కోశాడు, ప్లాస్టర్ పొడి పాయింట్లన్నిట్లో దూరి అవి బిగుసుకుపోయాయి. పొడి ఊడుస్తూ, ఇంక నా వల్ల కాదురా అన్నాడు. మళ్ళీ ఆయన పట్టా ముట్టుకోలేదు అమ్మడూ. అంత మంచి చెయ్యి. ఒక జాయింట్‌లో వెంట్రుకంత తేడాకి ఆగిపోయింది. ఇప్పటికీ ఎవరి ప్లాన్‌లో మూల కొండ కనిపించినా నాకు ముందు ఆ పొడే గుర్తొస్తుంది.

దాచొద్దు అనట్లేదు, దాచు, రైలు మాయమై మళ్ళీ కనిపించడంలో ఉన్న అందం నాకు తెలీదా. కానీ నువ్వు నిలబడే చోటి నుంచి 60 సెంటీమీటర్లు దాటితే అక్కడ పాయింట్ వద్దు, జాయింట్ వద్దు, వీలైతే పట్టాయే వద్దు. కొండని పైకి ఎత్తి పక్కన పెట్టేలా విడి ముక్కగా చెయ్యి. గోడకి ఆనించకుండా వెనక మనిషి పట్టేంత సందు వదిలితే ఇంకా మంచిది, గది చిన్నదయిపోతుంది అంటావు, అవనీ. పరీక్ష ఏంటంటే పలక వేశాక, పట్టాలు వెయ్యకముందే, ఇంజన్‌ని నీ ప్లాన్‌లో అన్నిటికన్నా దూరం చోట పక్కకి పడేసి, ఒంటి చేత్తో, మోచెయ్యి ఎక్కడా ఆనించకుండా తీసి నిలబెట్టు. పెట్టగలిగితే ఆ ప్లాన్ ఓకే. లేకపోతే గీత మార్చాలి, వాదించకు. పట్టాలు వేసేటప్పుడు అక్కడక్కడా సన్నటి కార్డు మందంలో సందు వదులు, చలిగా ఉన్నప్పుడు వేస్తే ఇంకాస్త ఎక్కువ.

ఆ చుట్టు కూడా లెక్క వేసి చూడు. ఒక లైన్ మీద నుంచి ఇంకో లైన్ పోవాలంటే హెచ్‌ఓలో దగ్గర దగ్గర 8 సెంటీమీటర్లు ఎక్కాలి, 2 శాతం వాలులో, అంటే మీటరుకి 2 సెంటీమీటర్లు ఎక్కితే, దానికి నాలుగు మీటర్ల పొడవు కావాలి. నువ్వు 45 సెంటీమీటర్ల రేడియస్ వేశావు, ఒక చుట్టు సుమారు 2.8 మీటర్లు, అంటే 2.8 శాతం పైమాటే, పైగా వంపులో చక్రాలు రాసుకుని రైలు ఇంకా బరువెక్కుతుంది. చిన్న ఇంజన్ నాలుగు బోగీలతో అక్కడ చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతుంది.

ఇంక కరెంట్. ఇక్కడ కొంచెం కేకలేస్తా. మీ అమ్మ చెప్పింది పాత కంట్రోలర్ డబ్బా విప్పి చూస్తున్నావని. మెయిన్స్ వైపు డబ్బా విప్పకు. పట్టాల మీద 12 వోల్టులో 15 వోల్టులో ఉంటాయి, అవి నిన్నేం చెయ్యవు, గోడ వైపు ఉన్నది వేరు, చెడిపోతే కొత్తది కొను అంతే. ఇంకోటి, తక్కువ వోల్టేజ్ కదా ఏం కాదులే అనుకుంటావేమో, డీసీసీలో, అంటే ఒక్కో ఇంజన్‌ని విడిగా డిజిటల్‌గా నడిపే పద్ధతిలో, పట్టాలకి కరెంట్ పంపే బూస్టర్ 5 ఆంపియర్లు ఇస్తే 15 వోల్టుల దగ్గర 75 వాట్లు, ఒక చోట షార్ట్ అయి ట్రిప్ కాకపోతే ఆ వేడంతా చక్రం దగ్గర పోగై ప్లాస్టిక్ కరుగుతుంది. సన్న వైరు వేస్తే దాని నిరోధం వల్లే షార్ట్ అయినా బూస్టర్‌కి తెలీదు. కాబట్టి పలక కింద రెండు లావు వైర్లు లేఔట్ చుట్టూ తిప్పు, ప్రతి పట్టా ముక్క నుంచి చిన్న వైరు దించి దానికి కలుపు, జాయింట్లలో రెండు పట్టాల్ని కలిపే రేకు, ఫిష్‌ప్లేట్, కరెంట్ మోస్తుందని నమ్మకు, కొన్నాళ్ళకి వదులవుతుంది. అయ్యాక ఒక నాణెం తీసుకుని అడుగడుక్కీ రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టు, పెట్టిన ప్రతి చోటా వెంటనే ట్రిప్ కావాలి, ఒక్క చోట కాకపోయినా అక్కడ ఇంకో వైరు దించు.

నీ ప్లాన్‌లో రైలు తిరిగి తన లైన్ మీదకే వచ్చే లూప్ ఒకటి ఉంది, చూసుకున్నావా? ఎర్ర పెన్సిల్‌తో ఒక పట్టా, నీలం పెన్సిల్‌తో ఇంకో పట్టా దిద్దుకుంటూ పో, లూప్ చివర ఎరుపు నీలం కలుస్తాయి, అక్కడ షార్ట్. లూప్ రెండు చివర్లా రెండు పట్టాలూ తెంపి ప్లాస్టిక్ జాయినర్లు పెట్టి, మధ్య ముక్కకి కరెంట్‌ని దానంతటదే తిరగేసే ఆటో రివర్సర్ వెయ్యి. ఆ ముక్క నీ పొడుగు రైలు కన్నా పొడుగ్గా ఉండాలి.

గదిలోంచి బయటికొచ్చేటప్పుడు ఒకటే స్విచ్‌తో అన్నీ ఆగిపోయేలా పెట్టుకో, సోల్డరింగ్ ఐరన్ కూడా దానికే. కాలిఫోర్నియాలో జాన్ అలెన్ అని ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు, గోరీ అండ్ డిఫీటెడ్ అని ఆయన ఇంట్లో కట్టుకున్న లేఔట్ ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ ఇంట్లో నిప్పంటుకుని లేఔట్ దాదాపు అంతా కాలిపోయింది. అది రైళ్ళ కరెంట్ వల్ల కాదులే, కానీ చెక్క, జిగురు, నురుగు షీట్లు, ఎండు నాచు ఇవన్నీ నింపిన గది నిప్పుకి ఎంత సులువో నాకు ఆలోచిస్తేనే చేతులు చల్లబడతాయి. గదిలో మంటలార్పే సిలిండర్ పెట్టు. నా కోసం పెట్టు.

నా మాట వింటే మొదట గది మొత్తం ముట్టుకోకు. హాంబర్గ్‌లో మినియాటుర్ వుండర్‌లాండ్ అనే పెద్ద బొమ్మ రైళ్ళ ప్రదర్శన చూసి నీకు ఈ పిచ్చి పట్టిందని తెలుసు, అక్కడ ఎంతమంది పని చేస్తారో కూడా చూడు మరి. మీటరున్నర పలక తీసుకుని ఇంగిల్‌నూక్ కట్టు, అలన్ రైట్ అనే ఆయన చేసిన ప్లాన్ అది. రెండే పాయింట్లు, మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు, ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండిట్లో మూడేసి. ఎనిమిది వ్యాగన్లకి చీట్లు రాసి ఐదు తియ్యి, వచ్చిన వరసలోనే రైలు కట్టు. 6,720 రకాలుగా వస్తాయి ఆ వరసలు. ఇంజన్ ముందుకీ వెనక్కీ పోతుంటే సాయంత్రం ఎలా గడిచిందో తెలీదు, పైగా పట్టా వెయ్యడం, వైరు దించడం, పాయింట్ సర్దడం అన్నీ దాని మీదే నేర్చేసుకుంటావు. రేపు అదే పెద్ద లేఔట్‌లో గూడ్స్ యార్డు అవుతుంది, పారెయ్యక్కర్లేదు.

దాని మీద ఒకటి చెయ్యి. నీ దగ్గరున్న ఆరు చక్రాల చిన్న ఇంజన్ని కంట్రోలర్‌లో అన్నిటికన్నా తక్కువ స్పీడ్‌లో పెట్టి పాయింట్ మీదుగా పంపు, దానితో పాటు కళ్ళు పట్టా ఎత్తుకి దించి చూడు. పాయింట్‌లో రెండు పట్టాలు కలిసే ఆ వీ దగ్గరకి రాగానే లైటు ఒక్కసారి మినుక్కుమంటుంది, ఇంజన్ ఆగిపోతుంది, వేలితో ముట్టుకుంటే మళ్ళీ కదులుతుంది. ఆ వీ ప్లాస్టిక్‌ది అయితే అంతే. మెటల్‌ది తీసుకుని, పాయింట్ ఎటు తిరిగితే అటు దానికి కరెంట్ మారేలా స్విచ్ వెయ్యి, అప్పుడు అదే ఇంజన్ పాక్కుంటూ పోతుంది, అది చూసి నువ్వు ఎగిరి గంతేస్తావు, నాకు తెలుసు.

కంకర పరిచాక నీళ్ళలో కలిపిన తెల్ల జిగురులో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పొయ్యి, కంకర చెదరకుండా లోపలికి ఇంకుతుంది. పాయింట్ కదిలే చోట మాత్రం ఒక్క చుక్క పడనివ్వకు.

చివరగా నన్ను నిజంగా భయపెట్టేది. పలక కింద వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ సోల్డర్ చెయ్యొద్దు. కరిగిన సోల్డర్ 180 డిగ్రీల పైన ఉంటుంది, కింద పడేది తిన్నగా మొహం మీదకే. చెట్లూ ఇళ్ళూ పెట్టకముందే పలకని అంచు మీద నిలబెట్టి, కుర్చీలో కూర్చుని, కిటికీ తెరిచి, కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యి. అందుకే పలకలు కూడా ఒక్కో మనిషి ఎత్తగలిగే ముక్కలుగా కట్టి బోల్టులతో బిగించు. నిలబెట్టినప్పుడు పట్టుకోడానికి మనిషి కావాలంటే వైరింగ్ ఏ రోజో ముందే చెప్పు, బయల్దేరి వస్తా, నా సోల్డరింగ్ స్టాండు కూడా తెస్తా, నీ దగ్గరున్నది ఊగుతోందని మీ అమ్మ చెప్పింది.

మామయ్య