హాస్టలుకి పంపే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కౌన్సెలింగ్ అయిపోయి పెట్టెలు సర్దుతున్న ఇళ్ల నుంచే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా వాడికి వరంగల్‌లో ఇంజనీరింగ్ సీటొచ్చింది. నెల రోజుల్లో హాస్టల్లో దింపాలి. ఇంతవరకూ తిన్న కంచం తీసి సింకులో వేసిన పాపాన పోలేదు. వంట నేర్పుదామని మొదలుపెడితే రెండో రోజుకే విసుక్కున్నాడు. ఈ నెలలో ఏం నేర్పను? – ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: వంట ఆపేయండమ్మా. హాస్టల్లో మెస్సు ఉంటుంది. గదిలో పొయ్యి వెలిగించనివ్వరు కూడా. వంటతో పని పడేది తర్వాతెప్పుడో బయట రూము తీసుకున్నప్పుడు. అన్నం, పప్పు అప్పుడు సెలవుల్లో రెండు రోజుల్లో నేర్చుకుంటాడు. మొదటి నెలలో పిల్లలు తడబడేది వేరే చోట్ల: పొద్దున లేవడం, బట్టలు, ఒంట్లో నలతగా ఉన్నప్పుడు ఏం చెయ్యాలో తెలియకపోవడం.

లేవడం సంగతి ఇవాళే మొదలుపెట్టండి. అంటే మీరు లేపడం మానేయాలి. ఫోను మంచం మీద నుంచి చెయ్యి చాస్తే అందని చోట పెట్టుకుని, అలారానికి తనే లేవాలి. వారం రోజులు ఆలస్యంగా లేచి చల్లారిన ఇడ్లీ తింటాడు, తిననివ్వండి. అక్కడైతే టిఫిను వేళ దాటితే మెస్సు మూసేస్తారు, క్లాసులో హాజరు పోతుంది. కాలేజీల్లో సాధారణంగా 75 శాతం హాజరు ఉంటేనే పరీక్ష రాయనిస్తారు. పొద్దుటి మొదటి పీరియడ్ రోజూ పోతే ఆ ఒక్క సబ్జెక్టులోనే దెబ్బ తగులుతుంది. మొత్తం హాజరు బాగానే ఉంది కదా అని పిల్లలు మోసపోయేది అక్కడే.

బట్టలు ఈ నెలంతా తనవి తనే ఉతుక్కోవాలి, వాషింగ్ మెషీన్‌లో కాదు, బకెట్లో. మామూలు బకెట్‌కి ఐదారు బట్టలు, ఒకటిన్నర పెద్ద చెంచాల పొడి, అరగంట నానితే చాలు. రాత్రంతా నానబెడితే మురికి ఎక్కువ పోతుందనుకుంటారు గానీ, వచ్చేది ముక్కిపోయిన వాసన. నీళ్లలో నురుగు పోయేదాకా జాడించాలి, రెండు మూడుసార్లు. పొడి మిగిలిపోతే నల్ల బట్టల మీద తెల్ల చారలు, మెడ దగ్గర దురద. కొత్త జీన్సు, ముదురు రంగు టీషర్టు మొదటి రెండు మూడు ఉతుకులూ విడిగానే.

లోదుస్తుల గురించి మొహమాటం లేకుండా చెప్పండి. ఎనిమిది నుంచి పది జతలు పెట్టండి. అవి గదిలో తలుపు వెనక కొక్కేనికి ఆరితే పైకి పొడిగా కనిపిస్తాయి, కుట్టు దగ్గర తడి ఉంటుంది. దానివల్లే తొడల మధ్య తామర. హాస్టళ్లలో ఇది చాలా మామూలు. ఒకడి తువ్వాలు ఇంకొకడు వాడితే గదంతా అంటుకుంటుంది. అప్పుడు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మానగానే రెట్టింపై తిరిగొస్తుంది. చర్మం డాక్టరుకి చూపించుకోవడమే దారి అని ముందే చెప్పి పంపండి. సిగ్గుపడి నెలలు నాన్చే పిల్లలే ఎక్కువ.

మందుల డబ్బా పెద్దది అక్కర్లేదు. 650 పారాసిటమాల్ ఒక షీటు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, థర్మామీటరు, కట్టు గుడ్డ, యాంటీసెప్టిక్ ఆయింట్‌మెంటు. పారాసిటమాల్ ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగుకి మించకుండా. జ్వరం రెండు రోజులు దాటితే క్యాంపస్ డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈలోగా ఒళ్లునొప్పులని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోకూడదు. ఆ జ్వరం డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, 24 గంటల్లో తాగెయ్యాలి. గ్లాసు నీళ్లలో కొంచెం పొడి వేసుకుని తాగితే ఉప్పు, చక్కెరల పాళ్లు తప్పుతాయి. ఈ నెలలో దగ్గో పంటినొప్పో వస్తే డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే పంపండి. ఓపీ చీటీ రాయించుకోవడం, తన బాధ తనే చెప్పుకోవడం అక్కడే వస్తాయి.

ఇక పెట్టె. పరుపు, బకెట్, మగ్గు, హ్యాంగర్లు వరంగల్‌లోనే కొనండి. మంచం కొలత చూడకుండా ఇక్కడ పూర్ణా మార్కెట్‌లో పరుపు కొని రైల్లో మోసుకెళ్లడం దండగ. ఇక్కణ్ణుంచి తీసుకెళ్లాల్సినవి రెండు దుప్పట్లు, రెండు దిండు గలీబులు, ఒక రగ్గు, మంచి తాళాలు రెండు. తాళంచెవుల్లో ఒకటి మీ దగ్గర కాదు, అక్కడే నమ్మకమైన రూమ్మేటు దగ్గర ఉండాలి.

చలికాలంలో వేణ్ణీళ్లకి వాటర్ హీటర్ రాడ్ మాత్రం పెట్టొద్దు. హాస్టల్ ఒప్పుకోదన్నది ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు 6 ఆంపియర్లది, 230 వోల్టుల దగ్గర అది మోయగలిగేది 1,380 వాట్లు. రాడ్ 1,500 వాట్లు లాగుతుంది. అదే బోర్డుకి ల్యాప్‌టాప్ కూడా పెడతారు. వైరు వేడెక్కి కరిగేది అందుకే.

ప్రశ్న: అమ్మాయికి తమిళనాడులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఇచ్చెయ్యమంటున్నారు. ఇంకో కౌన్సెలింగ్ ఫలితం రావాల్సి ఉంది. ఇవ్వొచ్చా? – ఒక తండ్రి, పెందుర్తి

జవాబు: చూపించండి, సరిచూసుకోనివ్వండి, వెనక్కి తీసుకోండి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకునే అధికారం విద్యాసంస్థలకు లేదని యూజీసీ 2018 నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. సెల్ఫ్ అటెస్ట్ చేసిన నకళ్లు ఇస్తే సరిపోవాలి. టీసీ మాత్రం చేరిన చోట ఇచ్చెయ్యాల్సిందే. రాష్ట్రం బయట చేరుతున్నారు కాబట్టి ఇంటర్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. దానికి ఇప్పుడే దరఖాస్తు చెయ్యండి. చేరేరోజు గుర్తొస్తే హడావిడి తప్పదు.

సీటు వదులుకుంటే ఫీజు సంగతీ ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. ప్రవేశాలకు ప్రకటించిన ఆఖరి తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందే మానేస్తే స్వల్పంగా ప్రాసెసింగ్ రుసుము పోను మొత్తం ఇవ్వాలి. ఆ 15 రోజుల లోపు అయితే 90 శాతం. ఆఖరి తేదీ దాటాక 15 రోజుల్లో 80, నెల లోపు 50, ఆ తర్వాత ఏమీ రాదు. కొన్నేళ్లలో యూజీసీ ఇంకా ఉదారంగా ప్రత్యేక గడువులు ఇచ్చింది, కాబట్టి ఈ ఏటి సర్క్యులర్ చూసుకోండి. మానేస్తున్నట్టు ఫోన్లో చెబితే లెక్కలోకి రాదు. ఈమెయిల్ పంపండి, ఆ తేదీయే మీకు ఆధారం.

మీరు అడగని ఇంకో సంగతి. మన ఇళ్లలో ఇంటిపేరు తెచ్చే తంటా ఇంతా అంతా కాదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో పేరు చివర. స్కాలర్‌షిప్ డబ్బు ఆగిపోయేది, విద్యా రుణం ఫైలు వెనక్కొచ్చేది ఇలాంటి తేడాల దగ్గరే. టెన్త్ మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా మిగతావన్నీ అలాగే మార్పించండి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే, పుట్టినతేదీ ఒక్కసారే. కాబట్టి సెంటర్‌లో తెర మీద స్పెల్లింగ్ అమ్మాయే చదివి సరే అనాలి. 15 ఏళ్లు నిండాక చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్ అయిందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. ఐదేళ్లప్పుడు ఇచ్చిన ముద్రలు ఇప్పుడు సరిపోవు.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం ఒరిజినల్స్ ఇంట్లోనే ఉండనివ్వండి. అమ్మాయి దగ్గర నకళ్లు ఐదు సెట్లు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఇరవై, డిజిలాకర్‌లో మెమోలు చాలు.

ప్రశ్న: మా అమ్మాయికి ఇంకా 17. హైదరాబాద్‌లో డిగ్రీలో చేరుతోంది. డబ్బు ఎలా పంపాలి? నా ఏటీఎం కార్డు ఇచ్చి పంపితే సరిపోదా? – గాజువాక

జవాబు: కార్డు, పిన్ను ఇవ్వకండి. పోతే మీ జీతం ఖాతాయే ఆగిపోతుంది. అమ్మాయి పేరు మీద బ్యాంకు ఖాతా తెరవండి. 18 నిండిన రోజున అది మైనర్ ఖాతాగా ఉండిపోదు. కొత్తగా కేవైసీ, సంతకం నమూనా ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాంకు లావాదేవీలు ఆపేస్తుంది, సరిగ్గా పరీక్ష ఫీజు వేళకే మీకు తెలుస్తుంది. ఆ పుట్టినరోజు తర్వాత మొదటి సెలవుకి ఇంటికొచ్చినప్పుడు మీ బ్రాంచిలోనే ఆ పని పెట్టుకోండి.

అప్పటిదాకా యూపీఐ సర్కిల్ ఉంది. మీ ఖాతా నుంచే అమ్మాయి ఫోన్లో చెల్లించుకునే వీలు. పూర్తి అనుమతి ఇస్తే ఒక్కో చెల్లింపు 5,000, నెలకి 15,000 రూపాయలు దాటదు. ఇంకా తక్కువ పరిమితి మీరే పెట్టుకోవచ్చు. పైసా పైసా ఎక్కడ పోయిందో మీకు కనిపిస్తుంది. కనిపించిన ప్రతి పానీపూరీకీ ఫోన్ చేశారంటే రెండో నెల నుంచి స్నేహితుల దగ్గర అప్పు చేస్తుంది. నెలాఖరు లెక్క చాలు.

మొదటి మూడు నెలలు డబ్బు వారం వారం పంపండి. ఒకటో తారీఖున మొత్తం వేస్తే పదో తారీఖుకి అయిపోతుంది, ఇది పిల్లల తప్పు కాదు, అలవాటు లేకపోవడం. నాలుగో నెల నుంచి ఒకేసారి పంపి, అయిపోతే మళ్లీ పంపేది లేదని ముందే చెప్పండి. చెప్పాక పంపకండి.

సిమ్ కార్డు సంగతి చాలామందికి తట్టదు. 18 లోపు పిల్లల పేరు మీద సిమ్ ఇవ్వరు కాబట్టి అది మీ పేరు మీదే ఉంటుంది. హైదరాబాద్‌లో ఫోన్ పోతే డూప్లికేట్ సిమ్ మీ ఆధార్, మీ వేలిముద్రతోనే వస్తుంది. అందుకని అమ్మాయి బ్యాంకు, ఆధార్ నంబర్లు ఏ సిమ్‌కి కట్టి ఉన్నాయో రాసుకోండి. ఫోన్లో *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరూ రాసుకోండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు పెట్టి, ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో ఆ నంబరుతో దాన్ని పనిచేయకుండా ఆపించవచ్చు.

ఇంకొకటి గట్టిగా చెప్పి పంపండి: ‘నీ ఖాతా నెల రోజులు వాడుకుంటాం, ఐదువేలు ఇస్తాం’ అనేవాళ్లు కాలేజీల చుట్టూ తిరుగుతుంటారు. అది మోసాల సొమ్ము దాటించే ఖాతా అవుతుంది. కేసు ఖాతాదారు మీదే. డబ్బు పోయిన మోసమైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, ఎంత త్వరగా చేస్తే అంత మేలు. డబ్బు రావడానికి పిన్ను కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

ప్రశ్న: దింపి వచ్చి వారం. రోజూ ఏడుస్తూ ఫోన్ చేస్తున్నాడు. వెళ్లి తీసుకొచ్చేయాలా? – సీతమ్మధార

జవాబు: తొందరపడకండి. మొదటి రెండు మూడు వారాలు చాలామందికి ఇలాగే ఉంటుంది. ఎక్కువగా ఫోన్ వచ్చేది రాత్రి, ఖాళీగా ఉన్నప్పుడు. పగలు క్లాసులో వాడే బాగుండి ఉంటాడు, ఇంట్లో మీరు తెల్లవార్లూ మేలుకుంటారు. ఫోన్‌కి ఒక వేళ పెట్టుకోండి, రాత్రి భోజనం అయ్యాక. ‘తిన్నావా’ అని అడిగితే జవాబు రాదు. ‘పక్క మంచం అబ్బాయిది ఏ ఊరు’ అనడగండి, మాట సాగుతుంది. మొదటిసారి ఇంటికి రావడం దసరాకి పెట్టుకుంటే మంచిది. వారం వారం వచ్చే పిల్లలకి అక్కడ స్నేహాలు కుదరవు.

అయితే రెండు వారాలు దాటినా స్నానం, తిండి మానేసి, క్లాసుకి వెళ్లకుండా, పగలు పడుకుని రాత్రి మేలుకుంటుంటే అది బెంగ ఒక్కటే కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు, మీరు కూడా. వార్డెన్‌కి మీరే ఫోన్ చెయ్యండి. ర్యాగింగ్ అనుమానం ఉంటే నేరుగా అడగండి: ‘రాత్రి ఎవరి గదికి పిలుస్తున్నారు?’ యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 రోజంతా పనిచేస్తుంది. చేరేటప్పుడు మీరూ వాడూ ఇచ్చిన ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్‌ను ఒకసారి తీసి చదవండి.

సంక్రాంతి టికెట్ మాత్రం వాడి చేతే తీయించండి. రైలు బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకి తెరుస్తారు. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13. ఖాతాని ముందే ఆధార్‌తో ధ్రువీకరించి ఉంచుకోకపోతే బుకింగ్ తెరిచిన రోజున ఆన్‌లైన్‌లో బుక్ చెయ్యనివ్వదు. కొన్ని రైళ్లు విశాఖపట్నం స్టేషనుకి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి, అదీ చూసుకోమనండి.

ప్రశ్న: ఢిల్లీకి విమానంలో వెళ్తున్నాడు. ఆవకాయ ఎంత, ఎలా పెట్టాలి? – అక్కయ్యపాలెం

జవాబు: దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కి సాధారణంగా చెక్-ఇన్ 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. అందులో ఆవకాయకి కిలో మించనివ్వకండి. చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. పవర్ బ్యాంక్ మాత్రం చేతిసంచిలోనే. ఎండు కొబ్బరి చిప్పలు అసలు పెట్టకండి, నూనె వల్ల మండుతాయని తీయించేస్తారు. కొబ్బరిపొడి కావాలంటే అక్కడే కొనుక్కుంటాడు.

కొత్త ఆవకాయ ఊట ఊరి నూనె పైకి తేలేదాకా ప్యాక్ చెయ్యొద్దు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో పైన ఒక అంగుళం ఖాళీ వదిలి, మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, పాత తువ్వాల్లో చుట్టండి. అంచుదాకా నింపితే ఒత్తిడికి నూనె బయటికొచ్చి చొక్కాలన్నీ పోతాయి. చేరాక గాజు సీసాలోకి మార్చుకోవాలి. స్టీలు డబ్బాలో నెలల తరబడి ఉంచితే పులుపు, ఉప్పు దాన్ని తినేస్తాయి.

కిలోనీ అర కిలో చొప్పున రెండు డబ్బాల్లో పెట్టండి. తడి చెంచా ముంచే రూమ్మేటు ప్రతి గదిలోనూ ఒకడుంటాడు. మొదటి డబ్బా వాడికి, రెండోది మీ వాడి పెట్టెలో తాళం వేసి.